రోమక దీనారము చెప్పు రాజ్యకథ



నేడు రోమక రాజ్యమును గూర్చి కొన్ని మాటలు విన్నవింపదలచితిని. కృష్ణవేణి సముద్రమున గలియు నీ దిగువసీమలో, కృత్తివెన్ను మొదలుకొని బందరు, గుడివాడ, దివిసీమల వఱకు గల గ్రామముల పెద్దలకు, రెండువేల యేండ్లక్రిందట సముద్రముల కావల నడచిన రాజ్యముతో నేమి పని యని యెవరైన నడుగవచ్చును. పని కలదు. ఆ రాజ్యము ముద్రించిన నాణెములు మన తెలుగు నేలలోనే దొరకినవి. నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లియం దొక్క నిధిలోనే 1531 రోమక వెండి నాణెములు బయల్పడినవి. పలనాటిసీమలోని వినుకొండయొద్ద 1889వ సంవత్సరమున 15 రోమక బంగారు నాణెములు లభించినవి. అంతియకాదు. అమరకోశమున నిష్కశబ్దముతో బాటు చెప్పబడిన దీనారశబ్దము, రోమనుల వెండి నాణెమగు దెనారియసునుండి పుట్టినదే. నాగార్జునకొండ శాసనములలో దీనారిమాషకములు దానము చేసినట్లు కలదు. అనగా వారి సొమ్మే కాదు, సొమ్ము పేరుకూడ మన పూర్వులు గ్రహించిరి.

ఆ నాణెములలో నొకదానిని గూర్చి మొదట చెప్పుదును. మన దేశమున దొరకిన రోమక వెండి నాణెములలో మిక్కిలి తఱచుగా గనబడు రకములలో నది యొకటి. తులములో మూడవవంతు తూగును. ఒకప్రక్క ఆగస్టసు అను నాయకుని శిరస్సు, దానిచుట్టు లాటిను భాషలో నక్షరములు. వాని యర్థము, దైవత్వము నొందినవాని కుమారుడగు ఆగస్టసు, దేశమునకు తండ్రి యని. రెండవప్రక్క నిద్దఱు యువకులు నిలిచియుందురు. వారి నడుమ డాళ్లును, ఈటెలును గలవు. వారు ఆగస్టసు కుమారులగు గైయసు, లూసియసులనియు, కాన్సలు పదవికి ముందుగనే నిర్ణయింపబడినవారనియు, యువజనులకు నాయకులనియు నక్కడ వ్రాయబడియున్నది. నిజమునకు వా రాతని కూతురి కుమారులు, క్రీ.పూ. 17వ సంవత్సరమున నాతడు వారిని దత్తత గైకొనెను.

రాజు తన నాణెముమీద తన వారసులను జూపుటలో వింత యేమున్నదని మీరనవచ్చును. వింత యున్నది. ఆ కాలమున రోమునకు రాజు లేడు. ఉండగూడదనియే వారి పూర్వుల శాసనము. సంప్రదాయము చెప్పునట్లు క్రీ.పూ. 509వ సంవత్సరమున రోమనులు తమ కడపటి రాజును వెడలగొట్టి, ఇకమీద రాజన్న మాటయే వలదని ప్రమాణము చేసికొనిరి. ఆగస్టసుకూడ తాను రాజు ననలేదు. ప్రజారాజ్యమును దిరిగి నిలువబెట్టితి నని చాటుకొనెను. నోటితో ప్రజారాజ్యమనుచు, చేతితో వారసులను ముద్రించుట యెట్లు సంభవించెను? ఒక స్వతంత్రజాతి తన స్వాతంత్ర్యమును, ఒక్క పదవియు రద్దుగాకయే, ఒక్క సభయు మూతపడకయే, ఎట్లు పోగొట్టుకొనెను? ఇదియే నేటి ప్రసంగమునకు విషయము.

ముందు వారి కట్టుబాటు తెలిసికొందము. రోమున నేటేట నిద్దఱు కాన్సలులను ప్రజ లెన్నుకొనెడివారు. ఒకడు తప్పుదారి పట్టినచో రెండవవాడు వానిని నిలుపవచ్చును. ఏడాది గడచినంతనే ఇద్దఱును దిగిపోవలసినదే. సెనేటు అను పెద్దలసభ యాలోచన చెప్పెడిది. సామాన్యజనులను గాపాడుటకు ట్రిబ్యూనులను పదుగురు ప్రజారక్షకులుండిరి. ఎంతటి యధికారి కార్యమునైనను ట్రిబ్యూను కూడదన్నచో నది నిలిచిపోయెడిది. రాజ్యమున కాపద వచ్చినపుడు డిక్టేటరు అను నొక్కనికి సర్వాధికారము నిచ్చెడివారు. ఐనను ఆఱుమాసములకు మించి కాదు. అధికారము నెవ్వరికిని పూర్తిగ నప్పగింపకుండుటయే వారి కట్టుబాటునందలి కిటుకు.

ఈ కట్టుబాటును శత్రువులు చెడగొట్టలేదు. హన్నిబాలు అను కార్తేజి సేనాపతి ఏనుగులతో మంచుకొండలు దాటివచ్చి, పదునైదేండ్లు ఇటలీదేశమును ద్రొక్కినను అది చెడలేదు. చెఱచినది విజయము. క్రీ.పూ. 146వ సంవత్సరమున రోమనులు కార్తేజి నగరమును, గ్రీసుదేశపు కొరింతు నగరమును నేలమట్టము చేసిరి. ధనమును, బానిసలును రోమునకు వఱదవలె వచ్చిపడెను. కాని యా గెలుపును దెచ్చిన సైనికుడెవడు? తన నాగలిని విడిచి, కత్తిపట్టి పోయిన చిన్నరైతు. దూరదేశముల యుద్ధములలో నేండ్లకొలది యాతడు చిక్కుపడగా నింట పొలము బీడుపడెను, అప్పు పెరిగెను. తిరిగి వచ్చునప్పటికి పొలము ధనికుని చేతిలో నుండెను. దానిని బానిసలు దున్నుచుండిరి. సేద్యగానికి పొలము పోవుట యననేమో మన డెల్టా రైతునకు వేఱుగ జెప్పనక్కఱలేదు. దున్నువాడు పొలము గోల్పోయి పట్నముచేరి, కూలిలేక తిరుగుచుండెను.

క్రీ.పూ. 133వ సంవత్సరమున టైబీరియసు గ్రాక్కసు అను ట్రిబ్యూను దీనికొక చికిత్స చేయబూనెను. రాజ్యమునకు జెందిన భూమిని ఒక్కొక్కడు 500 యూగెరములకు, అనగా రమారమి 310 ఎకరములకు, మించి యనుభవింపరాదనియు, మిగిలినది భూమిలేనివారికి బంచవలయుననియు నాతని శాసనము. ఉద్దేశము మంచిది. కాని తోటి ట్రిబ్యూనగు ఆక్టేవియసు దానిని కూడదని నిలిపెను. గ్రాక్కసు ఓర్మి వహింపలేక, జనులచేత వోటు వేయించి, ఆ ట్రిబ్యూనునే పదవినుండి తొలగించెను. అంతకుముందట్టి పని జరిగియుండలేదు. ఎదిరిపక్షమువారు అంతకంటె ఘోరము చేసిరి. సెనేటు సభ్యులు విఱిగిన బల్లల కాళ్లను, కఱ్ఱలను బట్టి, పట్టపగలు గ్రాక్కసును, ఆతనివెంటనున్న సుమారు మున్నూఱుమందిని గొట్టి చంపి, శవములను టైబరు నదిలో బాఱవైచిరి. పండ్రెండేండ్ల పిమ్మట, క్రీ.పూ. 121లో, తమ్ముడగు గైయసు గ్రాక్కసునకును అదే గతి పట్టెను.

ఇచ్చట నొక్క నిమిష మాగి యోచింపవలయును. మంచి పనికొఱకు కట్టుబాటును కొంచెము వంచిన నేమి యని ఒక పక్షము తలచెను. కట్టుబాటును గాపాడుటకు హత్య చేసిన నేమి యని రెండవ పక్షము తలచెను. ఇరువురును తామే ధర్మపక్షమని నమ్మిరి. కాని నాటినుండి రోమున తగవు తీర్చునది వోటు గాక, దెబ్బ యయ్యెను.

దెబ్బచేత తగవు తీరునపుడు గట్టిదెబ్బ కొట్టగలవాడే పెద్ద యగును. గట్టిదెబ్బ సేనాపతిది. క్రీ.పూ. 107వ సంవత్సరమున మేరియసు అను సేనాపతి భూమిలేని నిరుపేదలను సైన్యమున జేర్చుకొనెను. అంతకుముందు సైనికునకు తన పొలమే జీవనము. ఇప్పుడు సైనికునకు పొలము లేదు. యుద్ధము ముగిసినపిదప పొలము నిప్పించువాడు సేనాపతియే. కావున సైనికుడు రోమునకు గాక సేనాపతికి విశ్వాసపాత్రుడయ్యెను. దాని ఫలము పందొమ్మిదేండ్లకే కనబడెను. క్రీ.పూ. 88లో సుల్లా యను సేనాపతి రోమక సేనను రోము నగరముమీదికే నడిపించెను. పిమ్మట క్రీ.పూ. 82లో డిక్టేటరై, చంపదగినవారి పట్టికలను సంతవీథియందు వ్రేలాడగట్టించెను. పట్టికలో పేరున్నవానిని జంపినవానికి బహుమానము. చచ్చినవాని యాస్తి వేలము. వైరముచే గొందఱు, తోటకొఱకు గొందఱు, ఇంటికొఱకు గొందఱు పట్టికకెక్కిరి. సుల్లా తుదకు తానే పదవి విడిచి యింటికి బోయెను. శాసనములను బాగుచేసితి ననుకొనెను. కాని ఒకడు నడచిన దారి పదిమందికి తెలియును.

ఆ దారిని బట్టినవాడు జూలియసు సీజరు. గాలుదేశమును, అనగా నేటి ఫ్రాన్సుదేశ ప్రాంతమును, క్రీ.పూ. 58 మొదలు ఎనిమిదేండ్లు పోరాడి గెలిచినవాడు. ఉత్తర ఇటలీలో రూబికా నను చిన్న యేరు కలదు. సేనతో దానిని దాటి రాగూడదని శాసనము. క్రీ.పూ. 49వ సంవత్సరము జనవరిలో సీజరు దానిని దాటెను. దాటుటకు మోకాటిలోతు నీరే యడ్డము. కాని దాటిన పిమ్మట వెనుకకు దారిలేదు. పాంపే మొదలగు ప్రతిపక్షులను జయించి, క్రీ.పూ. 44లో యావజ్జీవ డిక్టేటరయ్యెను. ఆతనియందు గొప్ప గుణములు లేకపోలేదు. ఓడిన శత్రువులను బెక్కండ్రను క్షమించెను. పంచాంగమును సవరించెను, నేడు మనము వాడు ఇంగ్లీషు తేదీలకు మూలమాతని సంస్కరణమే. ఐనను ఆఱుమాసముల యధికారము ఆజన్మాధికార మగుట చూచి, సుమారు అఱువదిమంది సెనేటు సభ్యులు కుట్రచేసి, ఆ యేడు మార్చి 15వ తేదీని సభామధ్యమున నాతనిని బొడిచి చంపిరి.

మనుష్యుని జంపిన స్వాతంత్ర్యము తిరిగి లేచి వచ్చునని వారి నమ్మకము. రాలేదు. పదుమూడేండ్లు అంతర్యుద్ధము సాగెను. సీజరు దత్తపుత్రుడగు అక్టేవియను, ఆతని మిత్రుడగు ఆంటొనీ, లెపిడసు, ఈ మువ్వురును గూడి మరల చంపదగినవారి పట్టికలు వ్రాసిరి. మహావక్తయగు సిసిరో క్రీ.పూ. 43 డిసెంబరు 7వ తేదీని చంపబడెను. ఆతడేవేదికమీదనుండి ప్రసంగించెనో యా వేదికమీదనే యాతని శిరస్సును, హస్తమును ప్రదర్శనకు బెట్టిరి. తుద కిద్దఱు మిగిలిరి. క్రీ.పూ. 31లో ఆక్టియమను చోట జరిగిన నౌకాయుద్ధమున అక్టేవియను గెలిచెను. మఱునాటి యేడు ఆంటొనీయు, ఈజిప్టురాణి క్లియోపాత్రయు ఆత్మహత్య చేసికొనిరి. ఈజిప్టు రోమునకు దక్కెను.

అక్టేవియను సీజరువలె తొందరపడలేదు. క్రీ.పూ. 27వ సంవత్సరమున సభకు వచ్చి, అధికారమంతయు సెనేటునకును, ప్రజలకును తిరిగి యిచ్చివేయుచున్నా నని చెప్పెను. సభవారు బ్రతిమాలి, సేనలున్న రాష్ట్రముల నాతనికే యప్పగించి, ఆగస్టసు అను బిరుద మిచ్చిరి. ఆతడు ట్రిబ్యూను కాలేదు. ట్రిబ్యూనుయొక్క యధికారము మాత్రము తీసికొనెను. కాన్సలుల నెన్నుకొనుట మానలేదు. ఎవరిని ఎన్నుకొనవలయునో తెలియజేయుచుండెను. సెనేటు కూడుచునే యుండెను. తన తోటి యధికారులకంటె తనకు గౌరవ మెక్కువ గాని యధికార మెక్కువ కాదని తానే వ్రాయించుకొనెను. క్రీ.శ. 14లో నాతడు మరణించిన పిదప టైబీరియసు చక్రవర్తి యధికారుల యెన్నికలను ప్రజలనుండి తీసి సెనేటున కిచ్చెను. ప్రజలు కొంచెము గొణిగి యూరకుండిరి. అయిదువందల యేండ్ల హక్కు అంత నిశ్శబ్దముగా పోయెను.

ప్రజ లెందు కూరకుండిరి? ఇది కఠినమైన ప్రశ్న. వారు పిఱికివారని యనుట సులభము; న్యాయము కాదు. నూఱేండ్లుగా అన్నదమ్ములు కత్తులు దూసికొనుట చూచిన జనమునకు శాంతికంటె తియ్యనిది లేదు. ఆగస్టసు శాంతి నిచ్చెను. రోము నగరమున రెండులక్షలమందికి ధాన్యము నుచితముగా బంచెను. దారులు వేయించెను, సముద్రపు దొంగల భయ మణగెను. ఏ స్వాతంత్ర్యము పేరిట తమ పొలములు పోయెనో, ఏ స్వాతంత్ర్యము పేరిట పట్టికలు వ్రేలాడెనో, ఆ స్వాతంత్ర్యము కొఱకు పేదవా డేల కన్నీరు పెట్టును?

ఆ శాంతివలన మన తీరమునకును మేలు గలిగెను. ఈజిప్టు రోమునకు దక్కిన కొలదియేండ్లకే, ఎఱ్ఱసముద్రపు రేవునుండి ఏటేట 120 ఓడలు హిందూదేశమునకు బోవుచున్నవని స్ట్రాబో అను గ్రీకు గ్రంథకర్త వ్రాసెను. మొదటి శతాబ్దమున పేరు తెలియని యొక నావికవర్తకుడు తీరముల వెంబడి వ్రాసిన గ్రంథమున మసాలియా యను సీమ చెప్పబడినది. అది మన కృష్ణాముఖద్వార సీమయే. అచ్చట సన్నని నూలుబట్టలు మెండుగ నేయబడునని యాతని మాట. రెండవ శతాబ్దమున టాలెమీ యను భూగోళశాస్త్రజ్ఞుడు మైసోలియాయందలి కొంటకొస్సిల యను వర్తకపురమును బేర్కొనెను. అదియే మన ఘంటసాల. అచ్చటి ప్రాకృత శాసనములలో నొక మహానావికుని పేరు కలదు. ఊరిపేరు కంటకసేల యని యున్నది. శాతవాహన ప్రభువులు, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలగువారు, రెండు తెఱచాపకొయ్యల యోడబొమ్మను తమ నాణెములపై ముద్రించిరి. హిందూదేశము ఏటేట అయిదుకోట్ల సెస్టర్సులను, అనగా ఒక కోటి ఇరువదియైదు లక్షల దీనారములను, రోమునుండి లాగుచున్నదని క్రీ.శ. 79లో మరణించిన ప్లినీ యను పండితుడు వాపోయెను. అందులో మన సాలెవారి మగ్గముల కూలియు కొంత యున్నదనుట కాక్షేపణ లేదు.

కావున ఒక్కని యేలుబడి చెడ్డదని మనము తేలికగా తీర్పుచెప్పరాదు. మొదటి తరమున నది మేలుగనే కనబడెను. అసలు ధర తరువాతి తరములవారు చెల్లించిరి. మంచివాడు వచ్చినచో మంచి, చెడ్డవాడు వచ్చినచో చెడ్డ. తొలగించుటకు మార్గము కత్తి యొక్కటియే. నాణెముమీది యువకుల గతియే చూడుడు. లూసియసు క్రీ.శ. 2లో, గైయసు క్రీ.శ. 4లో, పెద్దవాడు బ్రదికియుండగనే మరణించిరి. సామ్రాజ్యము టైబీరియసునకు, ఆతని పిదప ఆతని తమ్ముని మనుమనికి, తుదకు నీరోకు చేరెను. నీరో క్రీ.శ. 64 ప్రాంతమున దీనారము తూకమును దగ్గించి, వెండిలో రాగి కలిపెను. మన వర్తకులు బేరమెరిగినవారు. పాత ఆగస్టసు, టైబీరియసుల వెండినే వారు మెచ్చిరి. ఆ పిమ్మటి వెండి నాణెములు మన దేశమున అరుదుగనే దొరకుచున్నవి. ప్రభువు మాట కల్తీయైనదని రోమున బైకి చెప్పుటకు నోరాడలేదు. దూరదేశపు వర్తకుని త్రాసు చెప్పెను.

క్రీ.శ. 193లో చక్రవర్తి కావలిసేనవారు చక్రవర్తిని జంపి, సింహాసనమును వేలము వేసిరి. డీడియసు జూలియాను అను ధనికుడు సైనికు డొక్కనికి 25,000 సెస్టర్సుల చొప్పున పాడి కొనెను; రెండుమాసములకే చచ్చెను. వినుకొండ నిధిలో కడపటి నాణెము కరకల్లా చక్రవర్తిది. ఆతడు తన సోదరుని దల్లియొడిలోనే చంపించినవాడు, సైనికులకు జీతములు పెంచుటకై నాణెమును మరల పలుచన చేసినవాడు, తుదకు క్రీ.శ. 217లో తన కావలివారిచేతనే చచ్చినవాడు. క్రీ.శ. 235 మొదలు 284 వఱకు, ఏబదియేండ్లలో, ఇరువదిమందికి మించి చక్రవర్తులు వచ్చిరి. వారిలో మంచముమీద చచ్చినవారు మిక్కిలి కొలదిమంది. పొలములు పాడువడెను, పన్నులు పెరిగెను, తూర్పు వర్తకము సన్నగిల్లెను. ఇంచుమించుగా నా కాలముననే మన శాతవాహనులును అంతరించిరి. వారి పతనమునకు వారి కారణములు వేఱుగ గలవు. ఐనను ఘంటసాల రేవున దిగుమతి తగ్గిన సంవత్సరములలో మగ్గముల యొద్ద కూర్చుండిన కుటుంబములు మనదేశపు కుటుంబములే.

మహాశయులారా! ఈ కథనుండి మనము గ్రహింపవలసిన దేమి? స్వాతంత్ర్య మనునది పదవుల పేర్లలో లేదు. రోమున కాన్సలులు, సెనేటు కడవఱకు నుండిరి. సభ కూడినను మాటాడువాడు లేనిచో నది సభ కాదు. ఎన్నిక జరిగినను ముందే నిర్ణయమైనచో నది యెన్నిక కాదు. మన గ్రామమున పంచాయతీ యున్నది, సహకారసంఘ మున్నది, కాలువనీటి పంపకమునకు కట్టుబాట్లున్నవి. మంచి మనుష్యుడని యొక్కని చేతికి తాళపుచెవులన్నియు నిచ్చుట సులభము. ఆతడు మంచివాడే కావచ్చును. ఆతని తరువాత వచ్చువా డెవడో మన మెఱుగము. లెక్కలడుగుట మంచివానియందు అపనమ్మకము కాదు; రాబోవువానికి వేసిన కట్ట. కట్ట నెండకాలముననే వేయవలయును గాని యేరు పొంగిన రాత్రి వేయుదమన్న కుదురదు.

రెండవది. పేదవాని పొలము పోవుచుండగా చూచి యూరకుండిన పెద్దలే రోమక రాజ్యమును మొదట కూలద్రోసిరి. సీజరు వచ్చి కూల్చినది అప్పటికే చెదలు తిన్న స్తంభము. తనకు నిలువ నేల లేనివానికి కట్టుబాటుమీద గౌరవ ముండుమని చెప్పుట వ్యర్థము.

శాంతిపర్వమున ధర్మరాజు గణరాజ్యము లెట్లు చెడునని యడుగగా, భీష్ముడు బయటి శత్రువునకంటె లోపలి భేదమునకే వెఱవవలయునని బోధించెను. ఆ భేదమునకు లోభమును, క్రోధమును మూలములని చెప్పెను. రోమక చరిత్రము ఆ మాటకు వ్యాఖ్యానమువంటిది. మీ యూర రెండు పక్షములు కలిగినపుడు, మీలో పెద్దలైనవారు ఏ పక్షము గెలుచుననుటకంటె, ఏ పద్ధతిని గెలుచుననుటను ముందు విచారింపుడు. పక్షము నేడు గెలిచి రేపు ఓడును. పద్ధతి చెడినచో ఇరువురి పిల్లలును ఓడుదురు.

సెలవు.